మెరుపు జరుగుతుంది, మచ్చ జరగదు

నాది చర్మం పని. డాక్టర్ని కాను, ఫోటోలకు టచింగ్ చేస్తాను. మా స్టూడియోలో పనులు పంచుకున్నాం. జుట్టాయన చెదిరిన వెంట్రుకలు సర్దుతాడు, మూలగదిలో అమ్మాయి ఫోటోల్లో వెనక గోడలు మారుస్తుంది, చర్మం మొత్తం నా నెత్తిన పడింది. మొటిమలు, కళ్ల కింద నలుపు, మెడ మీద గీతలు, చంక దగ్గర ముడతలు. పొద్దున తొమ్మిదింటికి స్క్రీన్ ముందు కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేచేసరికి మనుషుల ముఖాలంటేనే రోత పుడుతుంది. బస్సులో ఎదుటి సీటావిడ ముక్కు మీద రంధ్రాలు లెక్కపెడుతూ కూర్చుంటాను. ఆవిడ పాపం నేనేదో పలకరిస్తాననుకుని నవ్వుతుంది.

అద్దంపిల్ల ఫోటోలు నాలుగేళ్లుగా నా చేతి మీదుగానే బయటికి వెళుతున్నాయి. అద్దంపిల్ల అంటే అభిమానులు ఆ సినిమా నటికి పెట్టుకున్న ముద్దుపేరు. ముఖం అద్దంలా ఉంటుందట. ఆ అద్దం తుడిచే మనిషొకతి ఉంటుందని వాళ్లకు తెలీదు. ఆవిడ కుడి మణికట్టు మీద చిన్న ఆకంత బొల్లి మచ్చ ఉంది, మెడ ఎముక కింద ఇంకొకటి ఉంది. ప్రతి ఫోటోలోనూ ఆ రెండూ చెరిపాకే తక్కిన పని. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను.

నాకు ఒక్కతే కూతురు. నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో పిచ్చుక అంటాం. పద్నాలుగేళ్లు. కిందటేడు దాని మోచేతి దగ్గర గోరంత తెల్లమచ్చ కనిపించింది. నాలుగు నెలల్లో ముంజేతి దాకా పాకింది, తర్వాత గడ్డం కింద ఒకటి వచ్చింది. డాక్టరు చూసి బొల్లి అన్నాడు. అంటుకునేది కాదు, నొప్పి ఉండదు, పిల్లకు ధైర్యం చెప్పండి చాలు అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. మర్నాడే వెళ్లి పొడుగు చేతుల చొక్కాలు ఆరు కొనుక్కొచ్చాను. అది అడగలేదు, నేనే కొన్నాను.

ఎండాకాలమంతా పిల్ల ఆ చొక్కాల్లోనే ఉడికిపోయింది. బళ్లో పక్కన కూర్చునే అమ్మాయి బెంచీ మారిపోయిందని వాళ్ల నాన్నతో చెప్పుకుంది గానీ నాతో చెప్పలేదు. స్నేహితులు తగ్గేకొద్దీ ఫోన్లో అద్దంపిల్ల అభిమానుల గ్రూపులో కూరుకుపోయింది.

ఆ గ్రూపు సంగతి చెప్పాలి. ఎనిమిది వందలమంది. ఆవిడ నటన గురించి ఒక్కడూ మాట్లాడడు. కొత్త ఫోటో రాగానే సంతలో కూరగాయ గిల్లి చూసినట్టు మొదలుపెడతారు. నడుం దగ్గర తలుపు అంచు వంగింది, అంటే నడుం తగ్గించారు. ముక్కు మీద తెలుపు ఫ్లాషా, పౌడరా? మోకాలు నున్నగా ఉంది, అది మోకాలు కాదు, మైనం. వీళ్లలో ఒకడున్నాడు, అందరూ భూతద్దం అంటారు. ఫోటోని పెద్దది చేసి, ఎర్ర గుండ్రాలు గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ పంపుతాడు. నేను జీతానికి చేసే రోత పనిని ఈ మనిషి సరదాకి చేస్తున్నాడు. ప్రేమ అట. ఇంత ప్రేమ పగవాళ్లకు కూడా వద్దు.

పిచ్చుకకు మాత్రం ఆ గ్రూపే లోకం. వంటింట్లోకి ఫోన్ పట్టుకొచ్చేది.

"అమ్మా, ఇక్కడ నుదురు తెల్లగా ఉంది చూడు. ఫ్లాషా, ఎడిటా?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుసే? చెప్పవూ."

ఎన్ని నెలల తర్వాతో నా కూతురు నా దగ్గరికి వచ్చి ఒక మాట అడిగింది. నేను పొంగిపోయాను. కడిగిన స్టీలు పళ్లెం తీసి దీపం కింద పట్టుకున్నాను. "ఇటు నుంచి చూడు. మెరుపు ఎక్కడుంది?"

"అంచు మీద."

"ఇప్పుడు అటు జరిగి చూడు."

"మధ్యలోకి వచ్చింది."

"మరి ఈ సొట్ట?"

"అది అక్కడే ఉంది."

"అంతే. మెరుపు జరుగుతుంది, మచ్చ జరగదు. కెమెరా పక్కకు జరిగితే ఫ్లాష్ తెలుపూ జరుగుతుంది. చర్మంలో ఉన్నది ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒకే సందర్భంలో రెండు మూడు వైపుల నుంచి తీసిన ఫోటోలు దొరికితే చిన్నపిల్లాడైనా కనిపెట్టేస్తాడు."

ఇదేమంత గొప్ప విద్య కాదు, మా పనిలో చేరిన వారానికే ఎవరికైనా తెలుస్తుంది. పిచ్చుక మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టింది. ఆ రోజు నుంచి దానికి అక్కడ టీచరమ్మ అని పేరు. అరవై ఏళ్లవాళ్లు కూడా టీచరమ్మగారూ కాస్త ఇది చూసి చెప్పండి అని ఫోటోలు పంపేవాళ్లు. అన్నం తింటూ తనలో తను నవ్వుకునేది. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

నెల తిరక్కుండా అద్దంపిల్ల ఏదో బట్టల దుకాణం ప్రారంభానికి వెళ్లింది. రిబ్బను కత్తిరించడానికి చెయ్యెత్తితే రవికె పొడుగు చెయ్యి కిందికి జారింది. మెడలో కార్డు వేసుకున్న ఫోటోవాళ్లు పది మంది, ఊరికే వచ్చినవాళ్లు వంద మంది, అందరి ఫ్లాషులూ ఒకేసారి వెలిగాయి. ఆ సాయంత్రానికి మణికట్టు మీద తెల్లటి ఆకు గ్రూపుకెక్కింది.

ముందు వాదులాడుకున్నారు. ఫ్లాష్ అని కొందరు, పౌడర్ అంటుకుందని కొందరు, గిట్టనివాళ్లు కావాలని చేసిన ఎడిట్ అని కొందరు. అప్పుడు మా టీచరమ్మ రంగంలోకి దిగింది. అది ఫ్లాషే అయ్యుంటుందని దాని నమ్మకం. వేరే వైపు నుంచి తీసినవి వెతకండి, మెరుపు జరుగుతుంది, మచ్చ జరగదు, మీకే తెలుస్తుంది అని రాసింది. తన దేవతను తనే కాపాడుతున్నాననుకుంది.

భూతద్దం అరగంటలో మూడు ఫోటోలు సంపాదించాడు. ఎడమ నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, మెట్ల మీద నుంచి ఒకటి. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఎర్ర గుండ్రాలు గీశాడు. వాచీ మీది మెరుపు మూడు చోట్ల ఉంది. మణికట్టు మీది తెలుపు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

తర్వాత వాళ్లు రాసినవి నా ఫోన్లోంచి చదివాను, దొంగతనంగా నేనూ ఆ గ్రూపులో చేరాను కాబట్టి. ఛీ, దీన్నా నేను నాలుగేళ్లు వాల్‌పేపర్‌గా పెట్టుకున్నది అన్నాడొకడు. ఆ చేత్తో నాకు ఆటోగ్రాఫ్ ఇచ్చింది, సబ్బుతో కడుక్కున్నా అన్నాడు ఇంకొకడు. పక్కన నటించిన హీరోలకు పరీక్షలు చేయించాలట. వాంతి చేసుకునే బొమ్మలు వరసగా నలభై మూడు పడ్డాయి, నేను లెక్కపెట్టాను. ముప్పై ఏళ్లుగా కన్నకూతురిలా చూసుకుంటున్నాను అని నిన్నటి దాకా రాసిన పెద్దావిడ, ముందే చెప్పి ఉంటే దూరంగా ఉండేదాన్ని అంది. ఆవిడకు నటి వయసే ముప్పై లేదని కూడా తెలీదు. ఈ మనుషులు నాకు దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. ఫోన్ పక్కన పడేసి చేతులు కడుక్కున్నాను.

పిచ్చుక గది తలుపు వేసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నేను నేర్పిన మాటే దాని నెత్తి మీద పడింది.

మర్నాడు పొద్దున అది పొట్టి చేతుల చొక్కా వేసుకుని బయటికి వచ్చింది. తెల్లటి ముంజేయి ట్యూబులైటు కింద ఒక్కసారిగా కనపడేసరికి నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"పొడుగు చేతులవి ఉతకలేదా?" అన్నాను.

"ఉతికే ఉన్నాయి. ఉక్కగా ఉంది," అని బూట్లు వేసుకుని వెళ్లిపోయింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి అది వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. "ఏమైనా అన్నావా దాన్ని?" అని నన్ను అడిగాడు.

"నేనేమంటాను? కోపంతో వేసుకుని ఉంటుంది."

"కోపంగా లేదే," అన్నాడాయన. నేను పట్టించుకోలేదు. ఆ మర్నాడు కూడా పొట్టి చేతులే వేసుకుంది, అప్పుడూ పట్టించుకోలేదు. నా బుర్రంతా ఆ నలభై మూడు బొమ్మల మీదే ఉంది. నా కూతురు అవి చదువుతోంది, చదివిన ప్రతిసారీ తన చెయ్యి తను చూసుకుంటోంది అన్నదొక్కటే నా ఆలోచన.

ఆ మధ్యాహ్నం మా ఓనరు నన్ను లోపలికి పిలిచాడు. అద్దంపిల్ల మేనేజరు అక్కడే కూర్చుని ఉన్నాడు. నున్నగా గీసుకున్న గడ్డం, ఒంటి మీద మడత నలగని చొక్కా.

"దుకాణం ప్రారంభానికి మన ఫోటోగ్రాఫర్ కూడా వెళ్లాడుగా," అన్నాడు ఓనరు. "మనవి మూడు తీసుకో. మచ్చ తీసేసి ఫ్లాష్ పెట్టు. అవే అసలైన ఫోటోలని, మిగతావి గిట్టనివాళ్లు మార్చినవని విడుదల చేద్దాం."

"ఫ్లాష్ ఒకచోట పెడితే చాలదు," అన్నాడు మేనేజరు. ఫోన్ తీసి చదివాడు. "ఆ గ్రూపులో ఎవరో టీచరమ్మట, రూలు పెట్టింది. మెరుపు జరుగుతుంది, మచ్చ జరగదు. మూడింట్లో మూడు చోట్ల ఉండాలి. చెయ్యగలవా అమ్మా?"

నా సొంత మాటే ఆ మనిషి నోట్లోంచి వచ్చింది. ఊఁ అన్నాను.

"మా మేడమైతే చెప్పేస్తాననే కూర్చుంది," అన్నాడు మేనేజరు, ఎవరో మొండిపిల్ల గురించి చెప్పినట్టు. "మణికట్టు ఫోటో తనే తీసి పెడుతుందట. నాలాంటివాళ్లు ఎంతమంది దాక్కుని ఉన్నారో అని ఒకటే ఏడుపు. రెండ్రోజులుగా ఫోన్ మా దగ్గరే పెట్టుకున్నాం."

"చెప్పనిస్తే ఏమవుతుంది?" అన్నాను నీళ్లు నములుతూ.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆవిడ ముఖంతో అమ్ముకునే సబ్బు కంపెనీవాళ్లు ఊరుకుంటారా?"

నేను లేచి వచ్చేశానని చెప్పగలిగితే బాగుండేది. రాలేదు. పని పోతుందన్న భయం కూడా కాదు. పిచ్చుక కోసమే అనుకున్నాను. ఫ్లాషే అని తేలిపోతే ఆ వాంతులు ఆగిపోతాయి, పిల్ల అవి చదవక్కర్లేదు, అంతా మునుపటిలా అయిపోతుంది. తలుపేసుకుని కూర్చున్నాను. ఎడమ మణికట్టు మీది చర్మం తీసి కుడి మణికట్టు మీద పరిచాను. మొదటి ఫోటోలో బొటనవేలి మొదట్లో తెల్లటి మెరుపు పెట్టాను, రెండోదాంట్లో ఎముక మీద, మూడోదాంట్లో వాచీ పట్టీకి ఆనించి పెట్టాను. అద్దం మీద ఊపిరి వదిలితే ఎలా మసకబారుతుందో అంచులు అలా మసకబార్చాను. నాలుగేళ్లలో ఇంత శుభ్రమైన పని నేను చేయలేదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు నా మీదే ఉమ్మెయ్యాలనిపించింది.

నాలుగింటికి ఫోటోలు బయటికి వెళ్లాయి. ఐదింటికల్లా గ్రూపు తిరగబడింది. చూశారా, మెరుపు జరిగింది, ఫ్లాషే, నేను ముందే చెప్పాను. సబ్బుతో చెయ్యి కడుక్కున్నవాడు ముద్దుల బొమ్మలు పెట్టాడు. పెద్దావిడ మళ్లీ కన్నకూతురా అంది. అమ్మయ్య, ఆ రోగం కాదు, మా బంగారం శుభ్రంగా ఉంది అని భూతద్దం రాస్తే ఆరువందలమంది చప్పట్లు కొట్టారు. వాళ్ల వాంతుల కంటే ఈ ముద్దులే నాకు ఎక్కువ కంపు కొట్టాయి. ఒక్కరు కూడా సిగ్గుపడలేదు.

ఇంటికి వెళ్లేసరికి పిచ్చుక మంచం మీద కూర్చుని ఉంది. ఆ ఉక్కలో పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుంటోంది.

"చూశావా అమ్మా? ఫ్లాషేనట."

"చూశాను. మంచిదేగా, ఇక ఆ వాగుడు ఆగుతుంది."

"ఊఁ. మంచిదే." ఇంకో బొత్తాం పెట్టుకుంది. "ఈ రెండ్రోజులు నేనేమనుకున్నానో తెలుసా? ఆవిడకీ ఉంది, నాకూ ఉంది అనుకున్నా. ఉండి కూడా అంత బాగుందే అనుకున్నా. ఆ ఎనిమిది వందలమందికీ ఎదురు రాశా, ఉంటే ఏంటి అని. నువ్వు చదవలేదా?"

చదవలేదు. వాంతి బొమ్మలు లెక్కపెట్టాను గానీ వాటి మధ్య నా కూతురు ఏం రాసిందో చూడలేదు.

"బళ్లో కూడా చెప్పేశా. అద్దంపిల్లకి ఉన్నదే నాకూ ఉంది అని చెయ్యి చూపించా. బెంచీ మారినమ్మాయి వచ్చి ముట్టుకుని చూసింది కూడా. రేపు వెళితే నవ్వుతారు. అయినా నవ్వనీలే. నేనొక్కదాన్నే అన్నమాట, అంతేగా."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకునేదాన్ని. నేను దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఫ్లాష్ కాదు," అన్నాను. "మచ్చే. నాలుగేళ్లుగా నేనే చెరుపుతున్నాను. ఇవాళ్టి మూడు ఫోటోలూ నేనే చేశాను. ఆవిడ చెప్పేస్తానంది, వాళ్లు చెప్పనివ్వలేదు."

పిచ్చుక చేతులు బొత్తాం దగ్గరే ఆగిపోయాయి. "ఎందుకు చేశావు?"

"నీ కోసమే అనుకున్నాను. జనం అసహ్యించుకుంటుంటే నువ్వు చూడలేవని."

"జనం కంటే ముందు చూసింది నువ్వేగా. వాళ్లకి చూపించకుండా చెరిపింది కూడా నువ్వేగా." లేచి బడి సంచీలోంచి గుర్తింపు కార్డు తీసి నా ఒళ్లో పడేసింది. "మరి ఇందులో నా గడ్డం కిందది ఏదీ? ఇది కూడా ఫ్లాషేనా?"

ఆ ఫోటో స్టూడియోలో నేనే తీశాను, నేనే దిద్దాను. రెండు నిమిషాల పని. బడి తెరిచిన రోజే కార్డు దాని చేతికొచ్చింది. ఇన్ని నెలలూ దాన్ని మెళ్లో వేసుకుని తిరుగుతూ, మచ్చ లేని గడ్డాన్ని చూసుకుంటూ, నన్ను ఒక్క మాట అనలేదు.

"అసలు ఫోటో చూపించు," అంది.

మా పనిలో మొట్టమొదట నేర్పేది ఒకటుంది. ఏం దిద్దినా అసలుది ముట్టుకోకూడదు, పక్కన దాచి, నకలు మీదే చెయ్యి పెట్టాలి. అద్దంపిల్లవి నాలుగేళ్ల అసలు ఫోటోలు ఒక్కటీ పోకుండా దాచాను. నా కూతురిది మాత్రం అసలుదాని మీదే దిద్ది, దాని మీదే భద్రం చేసేశాను. అది ఎవరికీ ఎప్పుడూ అక్కర్లేదనుకున్నాను.

"లేదు," అన్నాను.

అది ఛీ అనలేదు గానీ ముఖంలో అంతా కనిపించింది. వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. పెట్టుకున్న బొత్తాలన్నీ విప్పి చేతులు భుజం దాకా మడిచింది. గడ్డం పైకెత్తింది.

"ఇప్పుడు తియ్యి. ఫ్లాష్ వేసే తియ్యి. ఏదీ ముట్టుకోకు."

ఫోన్ తీసి పట్టుకున్నాను. ఫ్లాష్ వెలిగింది. బొమ్మ స్క్రీన్ మీద కనపడగానే, నా ప్రమేయం లేకుండానే, నా చూపు నేరుగా గడ్డం కింది మచ్చ మీదికి పోయింది. అక్కడి నుంచి ముంజేతి అంచుకు పోయింది, ఎక్కణ్ణుంచి చర్మం తెచ్చి పరచొచ్చో కొలవడం మొదలుపెట్టింది. ముఖం దాకా ఇంకా రానేలేదు. తలెత్తి చూస్తే పిచ్చుక ఫోటో చూడటం లేదు, నా కళ్లు ఎటు పోతున్నాయో చూస్తోంది.